పండగ ఖర్చు, జూన్ ఫీజు



బ్యాంకు కౌంటరు వెనుక ముప్పై మూడేళ్లు కూర్చుని రిటైరైనవాడిని. అక్కడ ఏటా రెండు వరుసలు చూసేవాడిని. ఒకటి దీపావళికి వారం ముందు, పొదుపు ఖాతాలోంచి డబ్బు తీసుకునేవారి వరుస. రెండోది జూన్‌లో, నగలు తాకట్టు పెట్టి పిల్లల ఫీజులకు అప్పు తీసుకునేవారి వరుస. రెండు వరుసల్లోనూ ముఖాలు చాలావరకు అవే. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు చాలా కాలం తట్టలేదు. తట్టడానికి నా సొంత అనుభవం ఒకటి కావలసి వచ్చింది. అది తరువాత చెబుతాను.

ఈమధ్య చదువుకున్న పిల్లలు 'మినిమలిజం' అనే మాట వాడుతున్నారు. తక్కువ వస్తువులతో, ముందే ఆలోచించుకుని బతకడం అని దాని అర్థం. మాట కొత్తదైనా సంగతి మనకు తెలియనిది కాదు. అయితే ఒక విషయం ముందే చెప్పాలి. రోజంతా బీడీలు చుట్టి పిల్లలను చదివించే తల్లికి ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమెకు తక్కువతో బతకడం తప్పదు. నేను చెప్పబోయేది నెలకు ఇంత అని ఆదాయం ఉండి, ఏటా ఒకసారి బోనసు చేతికి వచ్చి, అయినా జూన్ నెల వచ్చేసరికి చేతులు ఖాళీగా ఉండే ఇళ్ల గురించి. అంటే మనలో సగం మంది గురించి.

షోలాపూర్‌లో ఉండే మా మేనకోడలి ఇల్లు నాకు ఈ విషయంలో బడి అయింది. భర్త టవళ్ల కార్ఖానాలో లెక్కలు రాస్తాడు. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. ఒక కూతురు, ఒక కొడుకు, అత్తగారు. తాతల కాలంలో తెలంగాణ పల్లెల నుంచి నేత పని కోసం అక్కడికి వెళ్లిన మన కుటుంబాల వంటిదే.

షోలాపూర్ తెలుగువాళ్లకు పండగలన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ మహర్షి రథోత్సవం. ఆ వెంటనే వినాయక చవితి. తరువాత బతుకమ్మ, దసరా. దసరా అయిన ఇరవై రోజులకు దీపావళి. మహారాష్ట్రలో ఉన్నాం కాబట్టి దీపావళికి ఇరుగుపొరుగులతో సమానంగా ఫరాళ్ కూడా చేయాలి. చివ్డా, చక్లీ, శంకర్‌పాళీ, లడ్డూలు, వాళ్లు కరంజీ అనే మన గరిజెలు. ఈ మూడు నెలల్లోనే బోనసు వస్తుంది. చట్టం కనీస బోనసును 8.33 శాతంగా పెట్టింది. ఆ వింత అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు. వందను పన్నెండుతో భాగించి చూడండి. ఏడాది జీతంలో పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం. పదమూడో జీతమన్నమాట. దాన్ని మనం పండగ డబ్బు అనుకుంటాం. పండగలు వచ్చినప్పుడు వస్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది. నిజానికి అది ఏడాది పొడుగునా చేసిన పనికి వచ్చిన డబ్బు, ఏడాది అవసరాలన్నిటికీ చెందుతుంది.

ఇప్పుడు నా సంగతి. మా బ్యాంకులో ఉద్యోగులకు పండగ అడ్వాన్సు ఇచ్చేవారు. వడ్డీ లేదు, పది నెలల్లో జీతంలోంచి కోసుకుంటారు. వడ్డీ లేదు గదా అని ఏటా తీసుకునేవాడిని. పది నెలలు కోత పూర్తయ్యేసరికి మళ్లీ పండగ. అంటే పదిహేనేళ్లపాటు నా పూర్తి జీతం ఏడాదికి రెండు నెలలే ఇంటికి వచ్చింది. 1999లో ఆ అడ్వాన్సుకు మరికొంత కలిపి పెద్ద టీవీ, దానికోసం ఒక షోకేసు కొన్నాను. మరుసటి జూన్‌లో మా అబ్బాయికి కాలేజీ సీటు వచ్చింది. నాలుగు రోజుల్లో ఫీజు కట్టాలి. రోజూ పదిమందికి నగల అప్పు కాగితాలు నింపే మనిషిని, ఆ రోజు మా ఆవిడ గాజులకు నేనే కాగితం నింపుకున్నాను. కామర్స్ పట్టా ఉన్నవాడిని, వడ్డీ లేని అప్పుకు కూడా ఖరీదు ఉంటుందని ఆ రోజు తెలుసుకున్నాను. గాజులు విడిపించడానికి పదహారు నెలలు పట్టింది. టీవీ ఆరేళ్లకే పాడైంది.

మా మేనకోడలు ఈ తప్పు చేయదు. దసరాకు నెల ముందు, ఇంకా ఏ దుకాణం ముందూ రంగు దీపాలు పెట్టకముందే, ఇంటిల్లిపాదీ ఒక ఆదివారం కూర్చుంటారు. పాత క్యాలెండరు కాగితం వెనుక ఆమె రాస్తుంది. మొదట ఈ పండగలకు మొత్తం ఎంత అన్న అంకె. కిందటేడు అది 9,500. అంకె తరువాతే వస్తువుల జాబితా. మనం దీనికి తలకిందులుగా చేస్తాం. ముందు జాబితా రాస్తాం, చివర కూడి చూసి గుండె పట్టుకుంటాం.

రెండో పని అటక దింపడం. పండగకు ఇల్లు దులపడం అందరూ చేసేదే. కానీ దులిపి మళ్లీ అక్కడే పెడతాం. వీళ్లు ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, పోయిన పండగ నుంచి ఈ పండగ వరకు దీన్ని వాడామా అని అడుగుతారు. వాడనిది ఇచ్చేస్తారు. దీనివల్ల వచ్చే అసలు లాభం చోటు కాదు. ఏం కొనక్కరలేదో తెలుస్తుంది. కిందటేడు అటక మీద మూడు దీపాల తోరణాలు, ఎవరో పెళ్లికి పెట్టిన విప్పని రెండు డిన్నర్ సెట్లు, కొత్త చద్దర్లు నాలుగు బయటపడ్డాయి. జాబితాలోంచి అప్పటికప్పుడు మూడు పద్దులు కొట్టేశారు. ఒక డ్రైఫ్రూట్ పెట్టె మీద నా పేరే రాసి ఉంది. రెండేళ్ల క్రితం నేను ఇంకొకరికి ఇచ్చింది, చేతులు మారి అక్కడికి చేరింది!

అదే అటక మీద ఆమె మామగారి పాత పాస్‌పుస్తకం దొరికింది. ఆయన పోయి పన్నెండేళ్లయింది. పనికిరాదని పారేయబోతే నేను ఆపాను. ఖాతాలో పదేళ్లపాటు లావాదేవీ లేకపోతే బ్యాంకు ఆ సొమ్మును 2014లో రిజర్వు బ్యాంకు ఏర్పరచిన నిధికి పంపుతుంది. అంతమాత్రాన సొమ్ము పోయినట్టు కాదు. వారసులు మరణ ధృవపత్రం, గుర్తింపు కాగితాలతో అదే బ్యాంకుకు వెళ్లి అడిగితే ఇవ్వాలి. ఏ బ్యాంకో తెలియకపోతే రిజర్వు బ్యాంకు 2023లో తెరిచిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు పెట్టి వెదకవచ్చు. వీళ్లకు వచ్చింది పదకొండు వేల చిల్లర. అత్తగారు ఆ డబ్బు ముట్టుకోలేదు, మనవరాలి పేర వేయించింది.

ఇక పిండివంటలు. ఐదు రకాలకు బదులు రెండే చేస్తారు. ఇంట్లో అందరూ తినే చివ్డా, అత్తగారు చేసే గరిజెలు. మిగతావి పొరుగువాళ్లు ఎలాగూ పంపుతారు. బట్టలు ఒక్కొక్కరికి ఒక్క జత. అది పండగ తరువాత పెళ్లిళ్లకూ పనికొచ్చేదై ఉండాలి. ఇంటి పనికి వచ్చే ఆమెకిచ్చే పండగ డబ్బు మాత్రం తగ్గించరు. అది జాబితాలో మొదటి పద్దు. నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా నచ్చింది అదే. తన ఖర్చు తగ్గించుకోవడం పొదుపు, పనిమనిషి చేతికొచ్చేది తగ్గించడం పిసినారితనం.

ఇదంతా నవ్వుతూ జరిగిందని అనుకోకండి. మొదటి ఏడు అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. "నలుగురిలో మన పళ్లెం చిన్నగుంటే ఏమంటరు?" అని ఆమె బాధ. కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా బతుకమ్మ తొమ్మిది రోజులకూ స్నేహితురాళ్లలా వేరువేరు దుస్తులు కావాలని ఏడ్చింది. మేనకోడలు నాకు ఫోను చేసి, "మామా, నేను మరీ గట్టిగ పట్టుకుంటున్ననా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. చివరకు తల్లే తన రెండు పాత పట్టుచీరలు కత్తిరించి లంగా ఓణీలు కుట్టింది. పిల్ల సంతోషించిందా అంటే, సగమే. ఆ వయసులో కొత్త బట్ట మీద ఆశ తప్పు కాదు. అందుకే మరుసటి ఏడు నుంచి పిల్లలిద్దరికీ చెరో 500 ఇచ్చి, దీన్ని ఏం చేస్తారో మీ ఇష్టం అని వదిలేశారు. పిల్లల మాట లేకుండా చేసే పొదుపు నిలవదని నేనూ అక్కడే చూశాను.

ఇప్పుడు వాయిదాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పండగ రోజుల్లో 'సున్నా వడ్డీ' బోర్డులు కనిపిస్తాయి. సున్నా వడ్డీ అనేదే లేదని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు రాసింది. ఎలాగో చూడండి. 24,000 రూపాయల ఫోను, పన్నెండు నెలలు, నెలకు 2,000. రొక్కమిస్తే దుకాణదారు 22,500కే ఇస్తాడనుకుందాం. వాయిదాలకైతే ప్రాసెసింగు రుసుము 500 ముందే కట్టాలి. అంటే మీరు నిజంగా వాడుకున్న అప్పు 22,000, తిరిగి కట్టేది 24,000. లెక్క కడితే ఏడాదికి 16 శాతం పైన పడుతుంది. ఇంకొకటి, '12 శాతం ఫ్లాట్' అని చెప్పే అప్పు. 24,000కు ఏడాది వడ్డీ 2,880 కలిపి నెలకు 2,240 వసూలు చేస్తారు. మొదటి నెల నుంచే మీరు అసలు తీరుస్తూ ఉంటారు, వడ్డీ మాత్రం ఏడాదంతా మొత్తం 24,000 మీదే. దాని అసలు రేటు 21 శాతం పైచిలుకు. కాబట్టి ఎవరైనా రేటు చెబితే, ఫ్లాటా, తరుగుతున్న బాకీ మీదా అని అడగండి.

ఇదే లెక్క మన వైపు తిరిగితే రికరింగ్ డిపాజిట్. మా రోజుల్లో చేత్తో వేసేవాళ్లం. పన్నెండు నెలల డిపాజిట్‌లో మొదటి వాయిదా పన్నెండు నెలలు ఉంటుంది, రెండోది పదకొండు, ఆఖరిది ఒక్క నెల. అన్నీ కూడితే 78. నెలకు 1,000 వేస్తే, 1,000 రూపాయలు 78 నెలలు ఉన్నట్టు. 6 శాతమైతే సాధారణ వడ్డీ 390. చిన్న మొత్తమే. ఫ్లాట్ అప్పు తీసుకున్నవాడు 2,880 కడుతున్న ఏడాదిలో వీడికి 390 వస్తోంది, అంతే.

మా మేనకోడలి ఇంట్లో కిందటేడు బోనసు 18,000. పండగలకు 9,500 పోగా మిగిలిన 8,500 ఏడు నెలలకు ఫిక్సెడ్ డిపాజిట్ వేశారు. నవంబరు నుంచి మే వరకు నెలకు 1,500 రికరింగ్ కట్టారు, అది 10,500. 6 శాతం చొప్పున వడ్డీ 500 లెక్కన, జూన్ ఒకటో తారీఖుకు చేతిలో 19,500. పదో తరగతి పాసైన కూతురికి పాలిటెక్నిక్ ప్రవేశ ఫీజు, హాస్టల్ డిపాజిట్ ఆ డబ్బుతో కట్టారు. గాజులు బీరువాలోనే ఉన్నాయి.

రోజువారీ నిర్ణయాలు కూడా ఇలాగే ముందే తీసుకున్నవి. ఇంటికి ఒకటే బండి. ఫోను పాడైతేనే కొత్తది. వెయ్యి రూపాయలు దాటిన ఏ వస్తువైనా వారం ఆగి కొనడం. ఈ వారం ఆగే పద్ధతితో సగం కోరికలు వాటంతటవే పోతాయని ఆమె అంటుంది. నా విషయంలో పావు వంతే పోయాయి. తిండి, మందులు, పుస్తకాల మీద మాత్రం కోత లేదు.

స్కాలర్‌షిప్ వస్తుంది గదా, ముందే ఎందుకు కూడబెట్టాలి అని కొందరు అనుకోవచ్చు. చాలా స్కాలర్‌షిప్‌లు ఫీజు గడువు దాటాక, నెలల తరువాత ఖాతాలో పడతాయి. ఆ మధ్య కాలాన్ని దాటించే డబ్బు ఇంట్లో ఉండాలి. ఖాతాల విషయంలోనూ తక్కువే మేలు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఆధార్ ద్వారా వచ్చేదైతే, ఆధార్‌కు చివరగా జోడించిన ఖాతాలోకి పోతుంది. ఏదో ఆఫరుకు ఆశపడి మరో బ్యాంకులో ఖాతా తెరిచి ఆధార్ జోడిస్తే, డబ్బు అక్కడ పడుతుంది, మీరు ఇక్కడ వెదుకుతారు. స్కాలర్‌షిప్ కోసం తెరిచిన జీరో బ్యాలెన్సు ఖాతాను రెండేళ్లు వాడకపోయినా నిద్రాణ ఖాతాల్లో చేర్చకూడదని 2024 ఏప్రిల్ నుంచి నియమం ఉంది. మీ ఖాతా ఆ కోవలో నమోదైందో లేదో బ్యాంకులో ఒకసారి అడగండి.

చాలా దరఖాస్తుల గడువులు కూడా ఈ పండగ నెలల్లోనే పడతాయి. కాబట్టి ఇల్లు దులిపేటప్పుడే కాగితాల సంచి కూడా దించండి. మార్కుల మెమోలు, కుల ధృవపత్రం, ఆదాయ ధృవపత్రం దాని గడువు తేదీతో సహా చూసుకోండి. కరెంటు బిల్లులు, ఏటీఎం చీటీలు పారేయవచ్చు. ఈ ఏడు మా మేనకోడలు అటక దింపుతూ ఫోను చేసింది. "మామా, బండి అప్పు తీరిపోయి మూడేండ్లయింది. బ్యాంకోళ్లు ఇచ్చిన బాకీ లేదన్న కాగితం ఇంకా ఎందుకు, పారెయ్యాల్నా?" అని.

"వద్దు బిడ్డా, అది ఉంచు. ఆర్సీలో బ్యాంకు పేరు తీయించినవా?" అన్నాను. తీయించలేదట. సోమవారం ఆర్టీఓ ఆఫీసుకు పోతున్నారు.