మన మందిరపు మారుమ్రోత మన పాటకు



కరీంనగర్, ఆదిలాబాదు పల్లెల్లో మన యువకులు సెల్‌ఫోను, కంప్యూటరు సహాయంతో ఇంట్లోనే స్తుతిగీతాలు రికార్డు చేస్తున్నారు. ఇది సంతోషకరమే. అయితే కొన్ని పాటల్లో ఎకో ఎంత ఎక్కువంటే మాట ఒక్కటీ తెలియదు. చదువురాని అవ్వకు పాటే వాక్యం. ఆమెకు మాట అందకపోతే ఆ పాట ఎవరి కొరకు?

ఇంట్లో పాడిన గొంతు పొడిగా వినబడే మాట నిజమే. గది చిన్నది, పరుపులు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఎత్తయిన రాతి కట్టడంలోనైతే స్వరం గోడలకు, కప్పుకు తగిలి మరల మరల చెవికి చేరుతుంది. దీనినే రివర్బ్ అంటారు. 1895లో అమెరికాలోని హార్వర్డులో ఒక ఉపన్యాసశాలలో మాట అర్థం కాకపోగా, వాలెస్ సబీన్ అనే అధ్యాపకుడు కుర్చీల మెత్తలు తెచ్చి పరచి, మ్రోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. 1947లో షికాగోలో బిల్ పుట్నం అనే ఇంజనీరు స్నానాలగదిలో పాటను మ్రోగించి, ఆ మ్రోతను మైకుతో పట్టి రికార్డులో కలిపాడు.

నేడు మన సొంత మందిరపు మ్రోతనే పాటకు ఇవ్వవచ్చును. రాత్రివేళ, ఫ్యాన్లు ఆపి, సంఘం కూర్చునే చోట రికార్డరు ఉంచండి. ప్రసంగవేదిక దగ్గర ఒక బెలూను పగులగొట్టండి. మ్రోత పూర్తిగా అణగువరకు ఎవరూ కదలకూడదు. శబ్దం పగిలినట్టు వస్తే రికార్డింగు లెవల్ తగ్గించి మరల చేయండి. ఆ శబ్దాన్ని వేవ్ ఫైలుగా దాచి, ముందున్న ఖాళీని కత్తిరించి, రీపర్ సాఫ్ట్‌వేర్‌లోని రియావెర్బ్‌లో వేయండి. ఇంట్లో పాడిన పాట మీ మందిరంలో పాడినట్టే వినబడుతుంది. ఖాళీ మందిరం ఎక్కువ మ్రోగుతుంది. నిండిన సంఘం శబ్దాన్ని పీల్చుకుంటుంది. కనుక మ్రోతను కొద్దికొద్దిగా కలపండి. చివరి అక్షరం తేటగా వినబడని చోట ఆపి, కొంచెం తగ్గించండి.

పాత పెంకుల మందిరాన్ని విప్పి స్లాబు వేయబోయే సంఘాలు ఈ పనిని ముందే చేయాలి. మన తాతముత్తాతలు పాడిన మందిరపు స్వరం గోడలతోపాటే పోతుంది. ఒక్క బెలూను శబ్దం దానిని నిలుపుతుంది.

తెలియని శబ్దం సంఘానికి క్షేమాభివృద్ధి కలుగజేయదని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో బోధించాడు. పాట పూర్తి కాగానే మొదట ఇంట్లోని వృద్ధులకు వినిపించండి. ప్రతి మాట వారు తిరిగి చెప్పగలిగితేనే ఇతరులకు పంపండి. దేవుడు మీ పాటలను దీవించును గాక.