డిస్కవరీ ఛానల్

డిస్కవరీ ఛానల్ విజ్ఞానశాస్త్రం, సాంకేతిక రంగం, చరిత్ర, ప్రకృతి మొదలైన విషయాలపై డాక్యుమెంటరీలను, వాస్తవాధారిత కార్యక్రమాలను ప్రసారం చేసే చందా టెలివిజన్ ఛానల్. భారతదేశంలో ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగు, తమిళ వ్యాఖ్యానాలతో కూడా ఇది ప్రసారమైనది.

చరిత్ర

జాన్ హెండ్రిక్స్ అమెరికాలో 1985 జూన్ 17న ఈ ఛానల్‌ను ప్రారంభించాడు. తొలుత ఇది సుమారు 1,56,000 గృహాలకు మాత్రమే చేరేది. భారతదేశంలో 1995లో ప్రసారాలు మొదలైనవి. 2022 ఏప్రిల్‌లో మాతృసంస్థ అయిన డిస్కవరీ, వార్నర్‌మీడియాతో కలిసి వార్నర్ బ్రదర్స్ డిస్కవరీగా ఏర్పడినది.

తెలుగువారికి టెలివిజన్ ద్వారా విజ్ఞానం అందడం అంతకు ముందే మొదలైనది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు 'సైట్' అనే ఉపగ్రహ ప్రయోగం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్య, వ్యవసాయం, ఆరోగ్య విషయాల కార్యక్రమాలు అందినవి. గ్రామస్థులు వాటిని సామూహిక టీవీ సెట్లలో రుసుము లేకుండా చూసేవారు. డిస్కవరీ ఇందుకు భిన్నంగా చందాపై ఆధారపడిన వాణిజ్య సంస్థ.

చందా విధానం

చందా ఛానల్ సంకేతాలను గూఢరూపంలోకి మార్చి పంపుతారు. చందా చెల్లించినవారి సెట్‌టాప్ బాక్స్ మాత్రమే వాటిని తిరిగి దృశ్యంగా మార్చగలదు. కేబుల్ డిజిటలీకరణ రెండవ దశలో హైదరాబాదు ఉన్నది. ఆ దశకు గడువు 2013 మార్చి 31. ట్రాయ్ నిబంధనల వలన 2019 నుండి ప్రేక్షకుడు చందా ఛానళ్ళను విడివిడిగా గాని, ప్యాకేజీగా గాని ఎంచుకొనే వీలు కలిగినది.

తెలుగు వ్యాఖ్యానం

ఒకే దృశ్యానికి పలు భాషల ధ్వనులను జోడించి పంపినప్పుడు, రిమోట్‌లోని భాష మీట ద్వారా కావలసిన భాషను ఎంచుకోవచ్చు. ప్రతి భాషకు వేరుగా చిత్రాన్ని పంపనవసరం లేదు.

విమర్శ

2013 ఆగస్టులో అమెరికాలో ఈ ఛానల్ ప్రసారం చేసిన ఒక కార్యక్రమం, లక్షల సంవత్సరాల క్రితమే అంతరించిన మెగలోడాన్ అనే సొరచేప ఇంకా జీవించి ఉండవచ్చునన్నట్లు చూపినది. అందులో శాస్త్రవేత్తలుగా కనిపించినవారు నటులు. కల్పనను వాస్తవంగా చూపారని ఛానల్ తీవ్ర విమర్శకు గురైనది.

విద్యార్థులకు ఉపయోగం

అశోక్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణా కేంద్రాలకు ప్రసిద్ధి. పక్కనున్న చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఎందరో అభ్యర్థులు చదువుకుంటారు. తెలుగు మాధ్యమంలో చదివేవారికి అగ్నిపర్వతం, హిమానీనదం వంటివి కదిలే దృశ్యాలుగా చూడడం మేలు చేస్తుంది. కాని పరీక్షకు పారిభాషిక పదాలు కూడా కావాలి. వ్యాఖ్యానంలో ఫోటోసింథసిస్ అని విన్నది పాఠ్యపుస్తకంలోని కిరణజన్య సంయోగక్రియయేనని తెలియాలి. నారాయణగూడకు చేరువలో, హిమాయత్‌నగర్‌లో ఉన్న తెలుగు అకాడమీ 1968లో స్థాపించబడినది. ఆ సంస్థ పాఠ్యపుస్తకాలలో, పారిభాషిక పదకోశాలలో ఇటువంటి పదాలు లభిస్తాయి. మెగలోడాన్ ఉదంతం దృష్ట్యా, తెరపై చూసిన సంఖ్యను, సంవత్సరాన్ని, సిద్ధాంతాన్ని ప్రామాణిక గ్రంథంతో సరిచూసుకున్న తరువాతనే జవాబు పత్రంలో వ్రాయడం మంచిది.