టర్బో ఇంజనులో అసాధారణ శబ్దాలు

టర్బోచార్జరు అమర్చిన కారు ఇంజను నుండి అలవాటు లేని శబ్దం వినిపించినప్పుడు, అది ఏ భాగం నుండి, ఏ కారణం చేత వచ్చుచున్నదో క్రమపద్ధతిలో తెలుసుకొనుటను శబ్ద నిర్ధారణ అనవచ్చును. ఇంజను శబ్దాలలో కొన్ని హాని లేనివి. మరికొన్ని ఇంజను పూర్తిగా పాడైపోవుటకు ముందు వచ్చు చివరి హెచ్చరికలు. ఈ రెండింటి మధ్య భేదం శబ్దం ఎంత పెద్దదన్న దానిలో లేదు. అది ఎప్పుడు వచ్చును, వేగంతోను, భారంతోను, వేడితోను ఎట్లు మారును అన్న దానిలో కలదు. ఈ వ్యాసంలో జపానుకు చెందిన సుబారు సంస్థ తయారుచేసిన డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ అను స్పోర్ట్స్ కారును ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరించబడినది.

టర్బో ఇంజను ప్రత్యేకత

ఇంజను నుండి వెలువడు వేడి పొగతో ఒక చిన్న టర్బైను తిరుగును. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న కంప్రెసరు బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోనికి పంపును. గాలి ఎక్కువైనందున ఎక్కువ ఇంధనం మండి, ఎక్కువ శక్తి లభించును. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూషీ ఈ పద్ధతికి 1905లో పేటెంటు పొందెను. కారు టర్బోచార్జరు ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగగలదు. దానిని నిలిపి ఉంచునది పలుచని ఇంజన్ ఆయిలు పొర మాత్రమే. కావున ఆయిలు తగ్గినచో టర్బోకు, ఇంజను బేరింగులకు కూడా ముప్పు కలుగును.

గాలి పీడనం పెరిగినప్పుడు సిలిండరులోని మిశ్రమం సమయానికి ముందే తనంతట తాను అంటుకొను ప్రమాదం కూడా పెరుగును. దీనినే నాకింగ్ అందురు. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, టర్బోతో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో ఒకటి. అందులో నాకింగును అణచుటకు నీరు, మిథనాల్ కలిసిన ద్రవాన్ని గాలి మార్గంలోనికి చిమ్మెడివారు. ఇప్పటి ఇంజనులలో నాక్ సెన్సరు ఆ కంపనాన్ని పసిగట్టగా, ఇంజను కంప్యూటరు స్పార్కును ఆలస్యం చేయును.

ఉదాహరణ ఇంజను

2004 నుండి 2021 మోడల్ సంవత్సరం వరకు అమెరికాలో అమ్మిన ఎస్‌టీఐ కార్లలో ఈజే257 అను 2,457 ఘన సెం.మీ. పెట్రోలు ఇంజను వాడబడినది. దీనిలో నాలుగు సిలిండర్లు జతలుగా ఇరువైపులా అడ్డంగా పడుకొని ఉండును. సిలిండరు వ్యాసం 99.5 మి.మీ. పిస్టన్ కదలిక 79 మి.మీ. పొగగొట్టాల పొడవులు సమానంగా లేనందున ఇంజను నుండి గుడగుడమను లోతైన శబ్దం వచ్చును. అది దోషం కాదు, ఈ ఇంజను సహజ స్వరం. సహజ స్వరం ఏదో ముందుగా ఎరిగిన వారికే అసహజమైనది తెలియును.

మొదట చేయవలసిన పని

కొత్త శబ్దం వినగానే బండిని సురక్షితమైన చోట ఆపి, ఇంజనును కట్టివేయవలెను. ఆయిలు హెచ్చరిక దీపం వెలిగినదేమో గమనించి, సమతలంపై కొంతసేపు ఆగిన పిమ్మట డిప్‌స్టిక్‌తో ఆయిలు మట్టం చూడవలెను. ఆయిలు తగ్గి ఉండి, లోపల నుండి టకటక శబ్దం వచ్చి ఉన్నచో, ఆయిలు పోసి చూద్దామని మరల నడుపరాదు. ఆయిలు నింపినంత మాత్రాన అప్పటికే అరిగిన బేరింగు బాగుపడదు.

శబ్దాన్ని వినవలసిన తీరు

తెలుగులో శబ్దాన్ని అనుకరించు మాటలకు కొదవ లేదు. టకటక, టిక్కుటిక్కు, గలగల, కిర్రు, బుస, ఈల అనునవి ఒక్కొక్కటి ఒక్కొక్క రకమైన లోపాన్ని సూచించగలవు. మెకానిక్కుతో "ఏదో శబ్దం వస్తోంది" అనుటకంటె ఇట్టి మాట చెప్పుట మేలు. దానితో పాటు ఈ నాలుగు విషయాలు గమనించవలెను.

1. వేగం: క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగినప్పుడు కవాటాలను నడుపు క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టే తిరుగును. నిమిషానికి 800 చుట్ల వేగం వద్ద క్రాంకు సెకనుకు సుమారు 13 సార్లు, క్యాము సుమారు 7 సార్లు తిరుగును. కావున వేగంగా వచ్చు దెబ్బలు క్రాంకు వైపును, అందులో సగం వేగంతో వచ్చునవి కవాటాల వైపును సూచించును.
2. భారం: యాక్సిలరేటరు నొక్కినప్పుడు పెరుగునా, వదిలినప్పుడు పెరుగునా?
3. వేడి: చల్లని ఇంజనులో మాత్రమే వచ్చునా, వేడెక్కిన పిమ్మట వచ్చునా?
4. స్థానం: పైన, క్రింద, ఎడమ, కుడి, టర్బో దగ్గర, బెల్టు వైపు.

శబ్దాలు, కారణాలు

పిస్టన్ చప్పుడు: చల్లగా ఉన్నప్పుడు అల్యూమినియం పిస్టన్‌కు, సిలిండరు గోడకు మధ్య సందు ఎక్కువగా ఉండును. పిస్టన్ అటూ ఇటూ ఒరిగి మెత్తని టకటక శబ్దం చేయును. ఇంజను వేడెక్కగా పిస్టన్ వ్యాకోచించి శబ్దం పోవును. ఇది సాధారణంగా భయపడదగినది కాదు.

పొగగొట్టం లీకు: గొట్టంలో పగులు గాని, గాస్కెట్టు లోపం గాని ఉన్నచో చలిలో టిక్కుటిక్కుమని వచ్చి, లోహం వేడికి వ్యాకోచించగా తగ్గును. యాక్సిలరేటరు నొక్కినచో పెరుగును.

రేకుల గలగల: పొగగొట్టాల పైనుండు వేడి అడ్డురేకు బోల్టు తుప్పు పట్టి వదులైనప్పుడు ఒకానొక వేగం వద్ద మాత్రమే గలగలమనును. వినుటకు భయంకరంగా ఉన్నను, బాగుచేయుట సులభం.

బెల్టు వైపు కిర్రు: ఈ ఇంజనులో టైమింగ్ బెల్టు కలదు. దాని బిగింపు పరికరం గాని, కప్పీ గాని అరిగినచో ముందు భాగం నుండి గరగర, కిర్రు శబ్దాలు వచ్చును. బెల్టు తెగినచో పిస్టన్లు, కవాటాలు ఢీకొని వంగిపోవును. అమెరికాలో ఈ బెల్టును 1,05,000 మైళ్లకు, అనగా సుమారు 1,69,000 కి.మీ.లకు మార్చవలెనని నిర్దేశించబడినది.

టర్బో ఈల, బుస: పీడనం పెరుగునప్పుడు సన్నని ఈల సహజమే. అది సైరనువలె బిగ్గరైనను, లోహం రాచుకొను శబ్దం వచ్చినను టర్బో బేరింగు అరిగినదని అనుమానించవలెను. బుసతో పాటు శక్తి తగ్గినచో గాలి గొట్టం ఊడినదో, చీలినదో చూడవలెను.

నాకింగ్: పూర్తి భారంతో ఎత్తు ఎక్కునప్పుడు గాజుగోలీలు కదిలించినట్టు వచ్చు పలుచని శబ్దమిది. మంటలోని పీడన తరంగం సిలిండరు వ్యాసాన్ని బట్టి మ్రోగును. 99.5 మి.మీ. సిలిండరులో ఇది సుమారు 5,500 నుండి 6,000 హెర్ట్జుల మధ్య ఉండును. తక్కువ ఆక్టేన్ పెట్రోలు, అధిక పీడనం, ఇంధనం చాలకపోవుట దీనికి కారణాలు. దీర్ఘకాలం సాగినచో పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగి, నీలిపొగ వచ్చి, శక్తి తగ్గును.

రాడ్ బేరింగు దెబ్బ: అన్నింటిలో ప్రమాదకరమైనది ఇదే. కనెక్టింగ్ రాడ్డుకు, క్రాంకుకు మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో కొన్ని వందవ వంతులు మాత్రమే. అది పెరిగినచో ఇంజను అడుగు నుండి సుత్తితో కొట్టినట్టు లోతైన దెబ్బ వినిపించును. వేడెక్కి ఆయిలు పలుచబడిన కొద్దీ ఇది పెరుగును. పిస్టన్ చప్పుడు వేడికి తగ్గును, రాడ్ దెబ్బ వేడికి పెరుగును. ఈ ఒక్క భేదం గుర్తుంచుకొన్నను ఎంతో మేలు.

నిర్ధారణ పరీక్షలు

మొదట ఆయిలును తీసి, ఫిల్టరును కోసి, దాని కాగితపు మడతలను పరిశీలించుదురు. మెరిసే లోహపు రేణువులు కనిపించినచో బేరింగు అరిగినట్లే. ఇక ఇంజనును నడిపి వినవలసిన అవసరం లేదు. ఆయిలు శుభ్రంగా ఉన్నప్పుడు మాత్రమే తరువాతి పరీక్షలకు పోవలెను.

మెకానిక్కులు వాడు స్టెతస్కోపు కొసను ఒక్కొక్క భాగంపై ఆనించి, శబ్దం ఎక్కడ అధికమో కనుగొందురు. పిమ్మట ఒక్కొక్క సిలిండరుకు కొద్ది సెకన్లపాటు ఇంధనం ఆపుదురు. ఏ సిలిండరును ఆపినప్పుడు దెబ్బ తగ్గునో, దోషం ఆ సిలిండరు రాడ్డులో గాని, పిస్టన్‌లో గాని ఉండును. ఇంధనం ఆపినను మార్పు లేనిచో బెల్టు వైపు, కవాటాల వైపు చూడవలెను. సిలిండర్ల ఒత్తిడి కొలిచినచో విరిగిన రింగుల సంగతి తెలియును. టర్బోను చల్లారిన తరువాత గాలి గొట్టం విప్పి, ఇరుసును వ్రేళ్లతో కదిపి చూచెదరు. ప్రక్కలకు స్వల్పమైన కదలిక సహజం. రెక్కలు గోడకు తగులుట దోషం.

మూసిన గదిలో ఇంజనును నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం. తిరుగు బెల్టులకు చేతులు, బట్టలు దూరంగా ఉంచవలెను.

ఎప్పుడు నడుపవచ్చును, ఎప్పుడు రాదు

చలిలో మాత్రమే వచ్చి పోవు మెత్తని చప్పుడు, రేకు గలగల ఉన్నప్పుడు నెమ్మదిగా నడిపి మెకానిక్కు వద్దకు పోవచ్చును. నాకింగ్ వినిపించినచో వెంటనే యాక్సిలరేటరు తగ్గించి, మంచి పెట్రోలు నింపి, కారణం తేలువరకు టర్బోపై భారం వేయరాదు. లోతైన దెబ్బ, బెల్టు వైపు గరగర, లోహం రాచుకొను శబ్దం, ఆయిలు దీపం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నను బండిని వేరొక వాహనంపై ఎక్కించి తీసుకొనిపోవలెను. ఆ స్థితిలో నడిపిన నాలుగైదు కిలోమీటర్లకే రాడ్డు విరిగి ఇంజను గోడను చీల్చుకొని బయటకు రావచ్చును. అప్పుడు బేరింగు మార్చుటతో పోవలసిన ఖర్చు పూర్తి ఇంజను ఖర్చుగా మారును.

ఇవి కూడా చూడండి

అంతర్దహన యంత్రం
టర్బోచార్జరు
ఆక్టేన్ సంఖ్య
కందెన నూనెలు