ఆరడం వేరు, గట్టిపడటం వేరు

వినాయక చవితికి నెల ముందు హైదరాబాద్ ధూల్‌పేట్ సందుల్లో ఎటు చూసినా సగం ఆరిన విగ్రహాలే. మట్టి బొమ్మ ఆరితే గట్టిపడుతుంది. అదే లెక్క సిమెంటుకూ వేసేస్తాం. రోడ్లు చెడేది అక్కడే.

అపోహ: సిమెంటు ఆరితే గట్టిపడుతుంది.

వాస్తవం: నీటితో రసాయనికంగా కలిస్తే గట్టిపడుతుంది. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) బొమ్మలు పోసేవాళ్ళకు ఇది చేతికి తెలిసిన సంగతి. నీళ్ళలో కలిపిన పొడి అచ్చులో నిమిషాల్లో బిగుసుకుని వెచ్చబడుతుంది. బొమ్మ అప్పటికింకా తడిగానే ఉంటుంది, ఆరడం తర్వాతి పని. సిమెంటుదీ అదే దారి. కాకపోతే దానికి రోజులు, వారాలు కావాలి. ఈలోగా తేమ పోతే పని సగంలో ఆగిపోతుంది.

పెద్ద రోడ్ల కింద కంకరలోనో మొరంలోనో కాస్త సిమెంటు కలిపి వేసే పొరకు ఈ ముప్పు మరీ ఎక్కువ. అందులో నీళ్ళు రోలర్ కింద అణగడానికి సరిపడా మాత్రమే ఉంటాయి. మే నెల ఎండకు పైభాగం ముందే ఎండితే అక్కడి సిమెంటు పట్టు దొరక్క, బండ్ల కింద దుమ్ముగా లేస్తుంది. అందుకే కలిపిన 2 గంటల్లోపు రోలింగ్ ముగించి, కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. లేదా తారు ఎమల్షన్ చల్లి తేమను లోపలే ఆపాలి. పైన తెల్లబడిందని బండ్లు వదిలేయడం నా దృష్టిలో ఆ రోడ్డుకు చేసే అన్యాయం.

అపోహ: బీటలు పడ్డాయంటే సిమెంటు తక్కువేశారు.

వాస్తవం: చాలాసార్లు ఎక్కువేసినా పడతాయి. సన్నటి రంధ్రాల్లోంచి నీరు పోతూ వాటి గోడలను దగ్గరకు లాగుతుంది, పొర కుంచించుకుంటుంది. కింది నేల కదలనివ్వదు కాబట్టి అడ్డంగా చీలుతుంది. మట్టి బొమ్మను ఎండలో కాక నీడలో ఆరబెట్టేదీ నెర్రెలివ్వకూడదనే. రోడ్డు పొరలోనూ బంకమట్టి పాలు పెరిగితే కుంచించుకోవడమూ పెరుగుతుంది. సిమెంటు మితిమీరితే పొర మరీ బిరుసై బీటలు వెడల్పవుతాయి. అందుకే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 37 (2018) సిమెంటు కలిపిన బేస్ పొరకు 7 రోజుల బలం 4.5 నుంచి 7 మెగాపాస్కల్ అని కింది హద్దుతోపాటు పై హద్దూ పెట్టింది.

అపోహ: నీళ్ళు ఎంత పోస్తే అంత మంచిది.

వాస్తవం: పోశాక మంచిది, కలిపేటప్పుడు కాదు. కలిపేటప్పుడు ఎక్కువైన నీరు ఆరిపోతూ ఖాళీలు మిగులుస్తుంది. మీ గల్లీలో సీసీ రోడ్డు పోస్తే, మర్నాటి నుంచి 14 రోజులు మట్టి కట్టలు కట్టి నీళ్ళు నిలపమని, లేదా తడి గోనెపట్టాలు కప్పమని అడగండి.