మందారానికి మందు, మాస్టారికి మంట

మందారమునకు పట్టే పిండినల్లి మొండి పురుగు. దాని దేహముపై తెల్లని మైనపు పొర కవచమువలె ఉండుటచేత నీటి మందులు సులభముగా అంటవు. ఈ సంగతి తెలియక మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు గుప్పెడు పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి నూరి, ఆ నీటిని ఎదురుగాలిలో పిచికారీ చేసినారు. పిండినల్లి కదలలేదు. మాస్టారు మాత్రము తుమ్ముచూ తులసికోటకు మూడు ప్రదక్షిణలు చేసినారు! ఆపై ఆ చేతులతోనే కన్నులు నులుముకొనినారు.

మిరప కారము నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగును. కావున చేతులకు ముందు కొబ్బరినూనె రాసి, పిమ్మట సబ్బుతో కడుగవలెను. కంటిలో పడినచో నులుమక, శుభ్రమైన చల్లని నీటితో పావుగంటసేపు కడుగవలెను. కంటిలో పాలు, నూనె పోయరాదు. మంట తగ్గనిచో నేత్రవైద్యునికి చూపవలెను.

రోగికివలెనే మొక్కకును ఔషధముతోపాటు అనుపానము ముఖ్యము. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి, సాయంవేళ గాలికి వీపు పెట్టి, ఆకుల అడుగుభాగమున కూడా చల్లవలెను. సబ్బు మైనపు పొరను చెదరగొట్టును, వేపనూనె పురుగుకు అంటును.

ఇంటి మందైనను మందే. విధానము తప్పినచో ప్రయోగించినవారే రోగులగుదురు.