విత్తన వివాదాలు – ఫోరెన్సిక్ జీవశాస్త్రం – వ్యవసాయ విద్యార్థులు

పల్నాడు నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప సాగుచేసే రైతుకు విత్తనం మొలవకపోవుట కంటె, ఏపుగా పెరిగి కాయకపోవుట పెద్ద నష్టం. అప్పటికి కౌలు, ఎరువులు, కూలి ఖర్చులన్నీ పెట్టుబడిలో చేరిపోయి ఉంటాయి. లోపం విత్తనానిదా, వైరస్ తెగులుదా, వాతావరణానిదా అనే ప్రశ్న అక్కడితో న్యాయస్థానం మెట్లెక్కుతుంది. జీవశాస్త్ర పరిజ్ఞానాన్ని అక్కడ నిలిచే సాక్ష్యంగా మలచునదే ఫోరెన్సిక్ జీవశాస్త్రం.

ఈ శాస్త్రం రక్తపు మరకలకే పరిమితం కాదు. కాలువలో లభించిన మృతదేహపు ఎముక మజ్జలో ఆ నీటి డయాటమ్‌లు కనిపిస్తే, ప్రాణముండగానే మునిగినట్లు భావించడానికి ఆధారం దొరుకుతుంది. మృతదేహంపై చేరిన క్రైసోమియా ఈగల పిల్లపురుగుల వయస్సును బట్టి మరణ సమయాన్ని అంచనా వేస్తారు. గులాబీరంగు పురుగు తరాలను లెక్కించే ఉష్ణమాన దినాల పద్ధతే ఇక్కడా పనికివస్తుంది.

విత్తనం విషయంలో క్షేత్రస్థాయి జన్యుస్వచ్ఛత పరీక్షకు పంటకాలం పడుతుంది, ఎస్.ఎస్.ఆర్. మార్కర్లతో కొద్ది రోజుల్లో తేలుతుంది. బీజీ-2 పత్తిలో క్రై1ఏసీ, క్రై2ఏబీ జన్యువులుంటాయి. వాటితోపాటు కలుపుమందును తట్టుకొనే జన్యువు బయటపడితే అది దేశంలో అనుమతి లేని విత్తనమే. అయితే నమూనా సేకరణ సక్రమంగా లేకుంటే ఎంతటి పరీక్షయైనా వృథా. 1966 విత్తన చట్టం ప్రకారం నమూనాలు మూడు: ఒకటి విక్రేతకు, ఒకటి విశ్లేషకునికి, మూడవది భద్రపరచడానికి. (అదే చట్టంలో తొలి నేరానికి జరిమానా 500 రూపాయలకు మించదు!) రైతు కొన్న విత్తనమంతా విత్తుకుంటాడే గాని పరీక్షకోసం దాచిపెట్టుకోడని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు గుర్తించింది. వినియోగదారుల న్యాయస్థానాన్ని ఆశ్రయించే హక్కు రైతుకు ఉన్నదనీ స్పష్టపరచింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయంలోను స్నాతకోత్తర విద్య లభిస్తుంది. యు.జి.సి. నెట్‌లో ఇది ప్రత్యేక విషయం. ఏడేళ్లు, అంతకు మించిన శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలిని సందర్శించాలని 2023 నాగరిక్ సురక్షా సంహిత నిర్దేశిస్తున్నందున నిపుణుల అవసరం పెరుగుతుంది. అయినా ప్రభుత్వ ప్రయోగశాలల్లో ఖాళీల ప్రకటనలు తరచు వెలువడవు; బి.ఎస్సీ. వ్యవసాయ పట్టభద్రులను అన్ని ప్రకటనలూ అర్హులుగా పరిగణించవు. కనుక విత్తన శాస్త్రమో, కీటకశాస్త్రమో, బయోటెక్నాలజీయో ప్రధానంగా ఉంచుకొని ఈ శిక్షణను జోడించుకొనుటే మేలు. అప్పుడు విత్తన పరీక్షా కేంద్రాలు, విత్తన సంస్థల డి.ఎన్.ఏ. ప్రయోగశాలలు కూడ అందుబాటులో ఉంటాయి.

గురజాల, మాచర్ల ప్రాంతాల్లో పొలం చూడబోయే విస్తరణ శాస్త్రవేత్తకు సైతం ఇందులో పనియున్నది: ఖాళీ సంచి, లాట్ నంబరున్న లేబులు, రసీదు, తేదీతో కూడిన ఛాయాచిత్రాలు, సాక్షుల సంతకాలతో ముద్రవేసిన నమూనా.