తుండుగుడ్డ చాటు ధర



పశువుల సంతకు పోయినవారు మీలో పెక్కుమంది యుందురు. అమ్మువాడును కొనువాడును తుండుగుడ్డ క్రింద చేతులు కలిపి, వ్రేళ్ళు నొక్కి ధర చెప్పుకొనుట మీరెరిగినదే. ప్రక్కన నిలిచినవానికి ఆ ధర తెలియదు. ఒకే యీడు, ఒకే జాతి యెడ్లకు, ఆ చెట్టు క్రిందనే, ఒకడు అయిదువేలు ఎక్కువ పెట్టి సంతోషముతో ఇల్లు చేరును. ఎద్దుల బేరమున తరుగునది ఒకని సంచి మాత్రమే. ఆసుపత్రులు కూడ మందులను, సామగ్రిని ఈ విధముగనే కొనుచున్నచో ఎవరి సంచి తరుగునో విన్నవించుటకు నేడు మీ యెదుటికి వచ్చితిని.

కొన్నియేండ్ల క్రిందట మా ప్రాంతమున నొక చిన్న ధర్మాసుపత్రి పాలకసంఘమున నేను సభ్యుడను. లెక్కలు చూచుట నా వంతు. ఏటేట ఫాల్గుణమాసము నాటికి మందుల పద్దు అడుగంటెడిది. అప్పుడు మధుమేహ రోగులకు ముప్పది దినముల మాత్రలకు బదులు పది దినములకే యిచ్చి పంపెడివారము. మిగిలినవి బజారున కొనుడని చెప్పుట సులభము. కొనలేకనే గదా వారు మా గుమ్మము త్రొక్కినది! ఒకనాడు పొరుగూరి ఆసుపత్రి గుమాస్తా మా యింట పెండ్లికి వచ్చి, గాయములకు కట్టు గాజుగుడ్డను తాము కొను ధర మాటల సందర్భమున చెప్పెను. అదే కంపెనీ, అదే కొలత గుడ్డకు మేమిచ్చుచున్నది దానికి ఒకటిన్నర రెట్లు. అమ్మిన వర్తకుడును ఒక్కడే! నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మోసమనుటకును వీలులేదు. మేము అడుగలేదు, అతడు చెప్పలేదు.

ఇది పల్లెటూరి అమాయకత్వమని తలపకుడు. ఇంగ్లండులో 1948 జూలై 5వ తేదీ నుండి జాతీయ ఆరోగ్యసేవ ప్రజల పన్నులతో నడచుచున్నది. పేరు ఒక్కటే యైనను అక్కడి ఆసుపత్రి సంస్థలు చాలవరకు వేరువేరుగ బేరమాడి సరకులు కొనుచుండెడివి. 2011లో ఆ దేశపు జాతీయ లెక్కల తనిఖీ కార్యాలయమువారు 61 సంస్థల కొనుగోళ్ళను పరిశీలించిరి. అవన్నియు కలిసి 652 రకముల చేతితొడుగులను, నరములోనికి మందు నెక్కించు సన్నని గొట్టములను 1,751 రకములను, తుదకు వ్రాతకాగితమునే 21 రకములను కొనుచుండెను. ఒకే వస్తువునకు మిక్కిలి హెచ్చు ధర యిచ్చినవారికిని, తక్కువ యిచ్చినవారికిని నడుమ సగటు తేడా నూటికి పది. కొన్నింట ఏబదికి మించెను. కొనుగోలును సరిచేసికొన్నచో ఏటికి కనీసము 50 కోట్ల పౌండ్లు మిగులునని వారు అంచనా వేసిరి.

ధరలు చెప్పుకొన్న చాలునా యన్నచో, చాలదు. ముందుగా వస్తువు పేరు కుదురవలెను. పుట్టి కొలత ఒక్కొక్క సీమలో ఒక్కొక్క రీతి. ఈ సీమ పుట్టి ధరను ఆ సీమ పుట్టి ధరతో పోల్చినవాడు నవ్వులపాలగును. ఆసుపత్రి సామగ్రియు అంతే. ఒకరు పెట్టె లెక్కను, ఒకరు జత లెక్కను వ్రాయుదురు. ఒకే తొడుగునకు ఇద్దరు గుమాస్తాలు రెండు పేర్లు పెట్టుదురు. 2016లో లార్డ్ కార్టర్ సమర్పించిన నివేదికలో 22 సంస్థల లెక్క కలదు. వారికి సరకు నిచ్చువారు 30,000. సరకులకు గల సంకేతసంఖ్యలు 4,00,000కు పైగా. ఆర్డరు వ్రాయగల అధికారము గలవారు 7,000 మందికి మించిరి. ఇంటిలో ఏడుగురికి కొట్టుపద్దు వ్రాయు నధికారమున్ననే సంసారము నిలువదు! పిదప అక్కడ అన్ని ఆసుపత్రుల కొనుగోలు లెక్కలను ఒకచోట చేర్చి, తాను ఇచ్చు ధరను ఇతరుల ధరతో ప్రతి సంస్థయు పోల్చుకొను ఏర్పాటు జరిగెను.

దీనివలన ఫలమెంత? అమెరికాలో గ్రెన్నన్, స్వాన్సన్ అను అర్థశాస్త్రవేత్తలు 2009 మొదలు 2014 వరకు జరిగిన ఆసుపత్రి కొనుగోళ్ళను పరీక్షించి, 2020లో తమ పరిశోధనను ప్రకటించిరి. తోటి ఆసుపత్రుల ధరలు తెలిసినపుడు ధరలు తగ్గినవి. కాని అందరికిని తగ్గలేదు. మునుపు హెచ్చుగా నిచ్చుచున్నవారికి, అందును పెద్ద మొత్తమున కొను సరకులందు, ఆ తగ్గుదల ముఖ్యముగ కనిపించెను. ఇది సహజమే. కొలదిగ కొనువాని మాటను వర్తకుడు వినడు.

ఇందొక ముల్లు కూడ కలదు. డెన్మార్కు ప్రభుత్వ సంస్థ యొకటి 1993లో కట్టడములకు వాడు తడి కాంక్రీటు ధరలను, ఏ కంపెనీ ఎంతకు అమ్ముచున్నదో, బహిరంగముగ ప్రకటింప నారంభించెను. ధరలు తగ్గునని తలచిరి. ఒక్క సంవత్సరములోనే నూటికి 15 నుండి 20 వంతున పెరిగెను! కొనువారికంటె ముందు అమ్మువారే ఆ పట్టికను చదివిరి. ఒకరు తగ్గించినది తక్కినవారికి వెంటనే తెలియుటచే ఎవరికిని తగ్గింపవలసిన యక్కర లేకపోయెను. కావున కొన్న ధర కొనువారిలో కొనువారికి తెలియుట యొకటి, సంత నడుమ దండోరా వేయుట వేరొకటి యని నా యభిప్రాయము.

మన పొరుగున తమిళనాడు వేరొక త్రోవ పట్టెను. 1994లో వైద్యసేవల సంస్థను స్థాపించి, ప్రభుత్వాసుపత్రులన్నింటి అవసరములను కలిపి ఒక్కచోట టెండరు పిలిచి, ఒక్క ధర నిర్ణయించిరి. జిల్లాలలో గిడ్డంగులు కట్టిరి. ప్రతి ఆసుపత్రికిని బ్యాంకు పుస్తకము వంటి పాసుపుస్తక మొకటి యుండును. తనకు కేటాయించిన మొత్తమునుండి ఏ మందు తీసికొనిన ఎంత తరుగునో వైద్యుడు దానియందు చూచుకొనును. ధర యనునది వైద్యుని కంటికి కనబడుట అందు నాకు నచ్చిన విషయము.

మా సంగతి ముగించెదను. మరుసటి యేడు అయిదు ఆసుపత్రుల గుమాస్తాలను మా అరుగుమీద కూర్చుండబెట్టి బిల్లులు తెమ్మంటిమి. గంటసేపు ఎవడును సంచి విప్పలేదు. హెచ్చు ధర యిచ్చినట్లు తేలినచో పరువు పోవునని ఒక్కొక్కని భయము. తుదకు నేనే మా గాజుగుడ్డ బిల్లు నేలపై పరచితిని. అప్పుడు తక్కినవి బయటికి వచ్చినవి. సెలైను సీసాలకు మేమే అందరికంటె తక్కువ యిచ్చుచున్నట్లు తేలగా, ఆ వివరము తక్కినవారు వ్రాసికొనిరి. మా వర్తకుడు గుడ్డ ధర తగ్గించెను; మాత్రల ధర మాత్రము, మీరు కొనునదే కొంచెమని, తగ్గింపలేదు. గుడ్డపై మిగిలిన సొమ్ము మాత్రలకు మార్చితిమి. ఆ ఫాల్గుణమున రోగులకు ఇరువది దినముల మాత్రలు చేతికి వచ్చినవి. ముప్పదికి రాలేదు.